కోఠి–ఆబిడ్స్–బేగంబజార్ పునరభివృద్ధి: రోడ్డు వెడల్పుతోనే మొదలుపెట్టాలా?

జోన్‌మ్యాప్ (ప్రశ్న)

హైదరాబాద్‌లో కోఠి, సుల్తాన్‌బజార్, ట్రూప్‌బజార్, ఆబిడ్స్ నుంచి బేగంబజార్ దాకా ఉన్న పాత వ్యాపార ప్రాంతానికి ఒక స్థానిక ప్రాంత ప్రణాళిక ముసాయిదా మీద పనిచేస్తున్నాం. ఇప్పుడున్న ముసాయిదాలో వరస ఇది: ముందు 30 అడుగుల వీధులను 60కి వెడల్పు చేయడం, తర్వాత చిన్న ప్లాట్లన్నీ కలిపి ఎత్తైన భవనాలు, వాటి సెల్లార్లలో పార్కింగ్, హోల్‌సేల్ వ్యాపారం మొత్తం అవుటర్ రింగు రోడ్డు వైపు తరలింపు, చివరికి ముందు భాగాలన్నిటికీ ఒకే రంగు, ఒకే సైజు బోర్డులు.

బొమ్మల్లో బాగానే ఉంది. లెక్కల దగ్గరికి వచ్చేసరికి ఏదీ పొసగడం లేదు. నా సందేహాలు: వెడల్పుతో మొదలుపెట్టడం సరైనదేనా? చిన్న ప్లాట్లను కలపడానికి యజమానులకు మనం చూపించగల లాభం ఏమిటి? అద్దెకున్న దుకాణదారుల సంగతి ఎవరి ఖాతాలో వేయాలి? హోల్‌సేల్‌ని నిజంగా కదపాలా? టౌన్ ప్లానింగ్, డ్రైనేజీ, ఫైర్ పనులు తెలిసినవాళ్లు అంకెలతో చెబితే మేలు.

గజంలెక్క

మీ ముసాయిదా ముంబయిలో పాత భవనాలను కలిపి కట్టే పథకాన్ని చూసి రాసినట్టుంది. ఆ లెక్క ఇక్కడ నడవదు. ముంబయిలో ఎఫ్‌ఎస్‌ఐకి (ప్లాటుకు ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్కకు) పరిమితి ఉంది. కాబట్టి ‘కలిసి కడితే 4 దాకా ఇస్తాం’ అంటే యజమానికి అది పెద్ద తాయిలం. హైదరాబాద్‌లో ఆ పరిమితిని 2006లోనే జీవో 86తో ఎత్తేశారు. 2012 నాటి జీవో 168 కూడా రోడ్డు వెడల్పు, ప్లాటు సైజు, సెట్‌బ్యాక్‌లు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఈ మూడింటితోనే ఎత్తును అదుపు చేస్తుంది. లేని పరిమితిని సడలిస్తామంటే ఎవరు ముందుకొస్తారు? ఇక్కడ మీ చేతిలో ఉన్న తాయిలం సెట్‌బ్యాక్ ఒక్కటే.

ఎత్తైన భవనం లెక్క చూడండి. జీవో 168 లెక్కన 18 మీటర్లు దాటితే హైరైజ్. దానికి కనీసం 2,000 చదరపు మీటర్ల ప్లాటు, అంటే దాదాపు 2,400 గజాలు కావాలి. ఈ బజార్లలో 100 గజాల ప్లాటు అంటేనే పెద్దది. 24 మంది యజమానులు ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి. వాళ్లలో సగం ప్లాట్లకు అన్నదమ్ముల పంపకాలు కోర్టులో ఉంటాయి. సరే, అందరూ ఒప్పుకున్నారనుకుందాం. 40×50 మీటర్ల స్థలంలో చుట్టూ 7 మీటర్లు వదిలితే మిగిలేది 26×36, అంటే 936 చదరపు మీటర్లు. సగం కూడా లేదు. పైగా దుకాణం రోడ్డు నుంచి 7 మీటర్లు వెనక్కి పోతుంది. సుల్తాన్‌బజార్‌లో చీరల కొట్టుకు గిరాకీ వచ్చేది నడిచేవాళ్ల కంటికి ఎదురుగా ఉండటం వల్లే. ఆ ఒక్కటీ తీసేసి పైన ఎన్ని అంతస్తులిచ్చినా యజమాని వద్దనే అంటాడు.

ఇక వెడల్పు. 30 అడుగుల వీధిని 60 చేయాలంటే అటూ ఇటూ 15 అడుగులు పోతుంది. 10×15 అడుగుల మల్గీలో (కొట్టు గదిలో) మిగిలేది సున్నా. 40 అడుగుల లోతున్న ప్లాటులో మొదటి వరస మల్గీలు పోయి వెనకున్న గోదాం ముందుకొస్తుంది. యజమానికి నష్టపరిహారం దొరుకుతుంది, మల్గీ నడిపేవాడు మాత్రం మాయమవుతాడు. వాడే కోర్టుకెళ్లి స్టే తెచ్చేదీ. వీధికి ఒక్క స్టే వచ్చినా ఆ ఒక్క భవనం ముక్కులా ముందుకు పొడుచుకొచ్చి ఉండిపోతుంది, దానికి రెండు పక్కలా వెనక్కి జరిగిన జాగా పార్కింగ్ అయిపోతుంది. నగరంలో సగం విస్తరణ రోడ్ల మీద కనిపించేది ఇదే.

నష్టపరిహారం దారులు రెండు. మొదటిది 2013 భూసేకరణ చట్టం: పట్టణాల్లో మార్కెట్ విలువకు గుణకం 1, దాని మీద 100 శాతం సొలాషియం (బలవంతంగా తీసుకున్నందుకు అదనపు పరిహారం), అవార్డు దాకా ఏడాదికి 12 శాతం అదనం. మార్కెట్ విలువ రిజిస్ట్రేషన్ విలువను అనుసరించి నడుస్తుంది గనుక కోఠిలాంటి చోట రెట్టింపు ఇచ్చినా అసలు ధరకు అందదు. రెండోది టీడీఆర్ (జాగాకు బదులు ఇచ్చే, అమ్ముకోగల నిర్మాణ హక్కు): 2017 చివర్లో వచ్చిన జీవో 330 ప్రకారం రోడ్డుకిచ్చిన జాగాకు 400 శాతం. 20 గజాలిస్తే 80 గజాల నిర్మాణ హక్కు పత్రం. చెప్పానుగా, ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేని ఊరు. కాబట్టి ఆ పత్రాన్ని కొనేవాడు అదనపు అంతస్తు కోసమో, సెట్‌బ్యాక్ సడలింపు కోసమో మాత్రమే కొంటాడు. శివార్లలో అపార్ట్‌మెంట్లు జోరుగా కడుతుంటే ధర పలుకుతుంది, మందగిస్తే పత్రం బీరువాలో ఉంటుంది. ఆంధ్రలో తణుకు, తిరుపతి టీడీఆర్ బాండ్ల మీద విచారణలు జరిగాక యజమానులు మరీ జాగ్రత్తగా ఉన్నారు. నగదా, పత్రమా అనేది యజమానే ఎంచుకునేలా ఉంచండి, బలవంతంగా పత్రం అంటగట్టకండి.

నా సలహా: వీధి పొడవునా వెడల్పు మానేయండి. కూడళ్ల దగ్గర మూల కోత, ఫైరింజన్ తిరగలేని మలుపులు, బస్సు ఆగే చోట్లు, ఇవి మాత్రం తీసుకోండి. భవనాలకు 24 ప్లాట్లు కాదు, 4 నుంచి 6 ప్లాట్ల జట్టు చాలు: 18 మీటర్ల లోపు, పక్క గోడలు కలిపి, ముందు వరస రోడ్డు అంచునే ఉంచి, వెనక ఒక ఉమ్మడి ఆవరణ, రెండు ఉమ్మడి మెట్లు, ఒక లిఫ్టు. ఇప్పటి సెట్‌బ్యాక్ పట్టికలో ఇది ఇమడదు. ఈ ప్రాంతానికి విడిగా సడలింపు జీవో తెచ్చుకోవాలి. ఆ సడలింపు సాధించడమే మీ ప్లాన్ చేయాల్సిన అసలు పని, మిగతావి దాని తర్వాతే.

మ్యాన్‌హోల్‌మూత

పైన చెప్పినదంతా భూమి మీది కథ. 2022 డిసెంబరు 23న గోషామహల్ చాక్నావాడిలో నాలా పైకప్పు కూలి బండ్లు, కార్లు, తోపుడుబండ్లు లోపలికి దిగిపోయాయి. బేగంబజార్ పక్కనే అది. నాలా మీద స్లాబు, స్లాబు మీద రోడ్డు, రోడ్డు మీద బజారు. ఈ ప్రాంతంలో అలాంటి కప్పేసిన నాలాలు ఎక్కడెక్కడున్నాయో పటం లేకుండా ప్లాన్ గీయడం అంటే సాహసమే.

ముందు చేయాల్సింది కింద ఏముందో చూడటం. జీపీఆర్ (భూమిలోకి రాడార్ తరంగాలు పంపి చూసే) సర్వేతో సరిపెట్టుకోవద్దు. తడి మట్టిలో, ఇనుప తుక్కు కలిసిన పాత పూడికలో అది తప్పుడు గీతలు చూపిస్తుంది. ప్రతి 25–30 మీటర్లకు వీధికి అడ్డంగా చేత్తో ఒక పరీక్ష గొయ్యి తవ్వించండి, 1.5 మీటర్ల లోతు దాకా. పొక్లెయిన్ పెడితే మొదటి గంటలోనే ఎవరిదో కేబుల్ తెగుతుంది. మెట్రో స్తంభాలున్న వీధుల్లో పైల్‌క్యాప్ (స్తంభం కింది పునాది దిమ్మ) ఎంత దూరం విస్తరించిందో, అప్పట్లో ఏ లైన్లు పక్కకు జరిపారో తెలిపే, కట్టాక గీసిన డ్రాయింగులు తెప్పించుకోండి. డిజైన్ డ్రాయింగులు పనికిరావు.

లోతుల వరస: అన్నిటికన్నా కింద మురుగు, దాని పక్కన వాననీటి కాలువ, పైన మంచినీళ్లు, తర్వాత 11 కేవీ కేబుల్ దాదాపు మీటరు లోతున, ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) కేబుల్ 0.75 మీటర్లకు, ఫైబర్ డక్టులు ఫుట్‌పాత్ కింద. మంచినీళ్ల పైపు మురుగు పైపుకు అడ్డంగా దూరం 3 మీటర్లు ఉండాలి. 30 అడుగుల వీధిలో అది దొరకదు. అప్పుడు మంచినీళ్ల పైపు అడుగు మురుగు పైపు పైభాగానికి కనీసం అర మీటరు ఎత్తున ఉండాలి, మురుగు పైపును దాటే చోట కీళ్లు పడకుండా ఒకే పైపు వాడాలి. పాత బజార్లలో నీళ్లు కలుషితమయ్యేది చాలాసార్లు ప్రధాన పైపులో కాదు. ఇంటి కనెక్షన్ల అరంగుళం పైపులు మురుగు ఛాంబర్ గుండా దూరి వెళ్తాయి కదా, అక్కడ. ప్రధాన పైపు కొత్తది వేసి ఆ కనెక్షన్లు పాతవే తగిలిస్తే ఖర్చంతా వృథా.

మురుగు గొట్టం 200 మిల్లీమీటర్లు వేస్తే వాలు 1:250 కన్నా తగ్గకూడదు. మ్యాన్‌హోళ్లు 30 మీటర్లకొకటి. హోటళ్లు, మిఠాయి దుకాణాలున్న గల్లీల్లో నూనె పట్టే ఛాంబర్ ప్రతి కనెక్షన్‌కూ తప్పనిసరి చేయండి. లేకపోతే రెండేళ్లకే లోపల కొవ్వు గడ్డకట్టి గొట్టం సగం మూసుకుపోతుంది. వాననీటిని మురుగు లైన్లో కలిపిన పాత కనెక్షన్లు వెతకాలి. మురుగు లైన్లోకి పొగ వదిలి పరీక్ష చేస్తే డాబా మీది వాన గొట్టంలోంచి పొగ వస్తుంది, దొరికిపోతుంది.

ఇంకొకటి ఎవరూ పట్టించుకోరు. తారు పొర మీద పొర వేస్తూ పోతే పొరకు 40 మిల్లీమీటర్ల చొప్పున అయిదు పొరలకు 200 మిల్లీమీటర్లు, అంటే 8 అంగుళాలు రోడ్డు పైకి లేస్తుంది. గడప కిందికి పోతుంది, మొదటి గట్టి వానకే నీళ్లు కొట్లోకి. కాబట్టి కొత్త రోడ్డు మట్టాన్ని గడపల మట్టాల నుంచి వెనక్కి లెక్కగట్టండి. ప్రతి గడప లెవెల్ తీసుకుని, వాటిలో అన్నిటికన్నా కిందున్న గడపకు 150 మిల్లీమీటర్లు దిగువన ఫుట్‌పాత్, దానికి 150 దిగువన రోడ్డు. ఉన్న తారు మిల్లింగ్ చేసి తీసేయాల్సిందే.

పనిని 60–80 మీటర్ల ముక్కలుగా చేయండి. ఒక ముక్క పూడ్చి, ఇనుప ప్లేట్లు తీసి, గిరాకీ నడవగలిగాకే రెండోది తవ్వాలి. కాంట్రాక్టర్ కిలోమీటరు పొడవునా ఒకేసారి తవ్వేస్తాడు, ఎందుకంటే తవ్వకానికే ముందు బిల్లు వస్తుంది. బిల్లును పూడ్చిన మీటర్లకు ముడిపెట్టండి. కాలం జనవరి రెండోవారం నుంచి మే చివరి దాకా. మధ్యలో రంజాన్ నెల, పెళ్లి ముహూర్తాలు ఎప్పుడు పడుతున్నాయో చూసుకుని ఆ వీధులు వదిలేయాలి. దసరా–దీపావళి మధ్య గడ్డపార ముట్టుకోవద్దు.

షట్టర్‌తాళం

అద్దెదారుల ప్రశ్నకు నేను జవాబిస్తాను. ఎవరి ఖాతాలో వేయాలి అన్నారు, ముందు ఖాతా తెరవాలి కదా. ఈ బజార్లలో ఒక్కో షట్టర్ వెనక కనీసం ఇన్ని రకాలుంటాయి: సొంత యజమాని, రాతపూర్వక కిరాయిదారు, కాగితం లేకుండా తండ్రి కాలం నుంచి కడుతున్నవాడు, పగిడీ (ముందుగా పెద్ద మొత్తం) ఇచ్చి తీసుకున్నవాడు, వాడి దగ్గర మళ్లీ కిరాయికి తీసుకున్నవాడు, వక్ఫ్ లేదా దేవాదాయ శాఖ జాగాలో కిరాయిదారు, మెట్ల కింద నాలుగడుగుల్లో చార్జర్లు అమ్మేవాడు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద పాత భవనాల కిరాయిదారులకు రక్షణ ఉంది, ఖాళీ చేయించడం మాటలు కాదు. వక్ఫ్, దేవాదాయ జాగాల్లో అయితే లీజు మార్చే అధికారం ఆ బోర్డుది, శాఖది. కార్పొరేషన్ ఎంత మంచి ప్లాన్ గీసినా వాళ్ల తీర్మానం లేకుండా ఇటుక కదలదు. ఆ ప్లాట్లను పటంలో వేరే రంగు వేసి మొదటి రోజే ఉత్తరాలు రాయండి.

జాబితా ఎలా చేయాలంటే: మల్గీ నంబరు వారీగా లేజర్ మీటరుతో లోపలి కొలత, ముందు వెడల్పు, లోతు, అటక ఉందా, షట్టర్ తెరిచిన ఫొటో, వ్యాపారం రకం, పనివాళ్ల సంఖ్య, రోజుకు ఎన్నిసార్లు సరుకు దిగుతుంది. రుజువుగా ఆస్తిపన్ను పీటీఐఎన్, కరెంటు యూఎస్‌సీ నంబరు, ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ చిరునామా, షాపుల రిజిస్ట్రేషన్, ఈ అయిదింట్లో మూడు ఒకే చిరునామాకు కలిస్తే చాలు అనండి. కిరాయి చీటీ మాత్రమే అడిగితే సగం మంది జాబితాలోకి రారు. సర్వే మొదలైన తేదీనే కటాఫ్‌గా ముందే ప్రకటించాలి. లేకపోతే ప్రాజెక్టు మాట బయటికి పొక్కిన వారంలో ప్లైవుడ్ అడ్డాలు లేచి ఒక మల్గీ మూడవుతుంది. మూడింటికీ మీరు కొత్త దుకాణం ఇవ్వాల్సి వస్తుంది.

మార్చేటప్పుడు వ్యాపార గుంపును విడగొట్టొద్దు. ట్రూప్‌బజార్‌లో ఎలక్ట్రికల్, శానిటరీ సామాను, గుజరాతీ గల్లీలో, జగదీశ్ మార్కెట్‌లో సెల్‌ఫోన్లు, విడిభాగాలు. ఒకడి దగ్గర లేని ముక్క పక్కవాడి దగ్గర తెచ్చి గిరాకీ చేతిలో పెడతాడు, ఆ వ్యాపారం నడిచేదే అలా. 200 మల్గీల గుంపులో 60 తీసి తాత్కాలిక షెడ్డుకు పంపితే ఆ 60 చచ్చిపోతాయి. గల్లీ మొత్తంగా కదపాలి, నడక దూరంలోనే పెట్టాలి, పాత మల్గీ తాళం తీసుకునేముందే కొత్తదాని తాళం చేతికివ్వాలి. తిరిగి వచ్చేది ఎన్నో అంతస్తుకో, రోడ్డు వైపుకో లోపలికో ఒప్పందంలో రాయాలి. కింద అంతస్తు కొట్టుకు మొదటి అంతస్తులో రెట్టింపు జాగా ఇస్తామన్నా తీసుకోరు, తీసుకోకపోవడమే సబబు. కొలత కార్పెట్ ఏరియా అని స్పష్టంగా ఉండాలి. ‘బిల్టప్’ అని రాసి గోడలు, నడవా కూడా కలిపేస్తే 150 చదరపు అడుగులవాడికి వచ్చేది 100.

ముంబయి భెండీ బజార్ పునరభివృద్ధి పేరు అందరూ చెబుతారు. 16.5 ఎకరాలు, దాదాపు 250 భవనాలు, 3,200 కుటుంబాలు, 1,250 దుకాణాలు. 2009లో ట్రస్టు పెట్టారు, మొదటి టవర్లు అందేసరికి దాదాపు పదేళ్లు పట్టింది. అక్కడ ఒకే సముదాయం, ఒకే ట్రస్టు, లాభం చూసుకోని పెట్టుబడి. కోఠిలో ఎన్ని సంఘాలున్నాయో, ఒక్కో సంఘంలో ఎన్ని వర్గాలున్నాయో లెక్కేసుకుని మీ గడువు రాయండి.

ఫుట్‌పాత్ వ్యాపారుల విషయంలో 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం స్పష్టం. సర్వే పూర్తయి వీధి వ్యాపార అనుమతి పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపడానికి లేదు, తరలించాలంటే 30 రోజుల నోటీసు, టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం సభ్యులు వాళ్లే ఎన్నుకున్నవాళ్లు. సుల్తాన్‌బజార్, బడీచౌడీ లాంటివి చట్టం చెప్పే సహజ బజార్ల కిందికి వస్తాయి. కమిటీ తీర్మానం ఫైల్లో లేకుండా ఫుట్‌పాత్ కొలతలు ఖరారు చేస్తే ఆ ఫైలు హైకోర్టులో ఆగుతుంది.

ఎన్ఓసీ

అగ్నిమాపక విషయం ఒక్కరూ ఎత్తలేదు. 2025 మే 18న గుల్జార్‌హౌజ్ దగ్గర 17 మంది పోయారు. కింద ముత్యాల దుకాణాలు, పైన కుటుంబం, ఇరుకు దారి. 2023 నవంబరులో బజార్‌ఘాట్‌లో 9 మంది, కింద రసాయనాల డ్రమ్ములు. అదే ఏడాది మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 6గురు. మూడు చోట్లా కొత్త ప్లాన్ లేకుండానే సరిచేయగల లోపాలున్నాయి. పునరభివృద్ధి పదేళ్లు పడుతుందంటున్నారు, ఆ పదేళ్లూ ఆగాలా?

ఇప్పుడే చేయగలిగినవి: మెట్ల కింద ఉన్న మీటరు బోర్డులన్నీ బయటి గోడకు ఇనుప పెట్టెలోకి మార్చడం. సెల్లార్లో, పై అంతస్తుల్లో ఉన్న గోదాంలకు ట్రేడ్ లైసెన్సు రద్దు చేయడం. ప్లాస్టిక్, థిన్నర్, లిథియం బ్యాటరీల సరుకు మెట్ల దారికి ఆనుకుని ఉంచకుండా చూడటం. కిటికీ గ్రిల్స్‌లో అంతస్తుకు ఒకటైనా లోపలి నుంచి తెరుచుకునేలా మార్చడం. ఒకే మెట్లున్న భవనాలకు డాబా మీదుగా పక్క భవనానికి దారి, మధ్య గోడకు తాళం లేని తలుపు, ఇద్దరు యజమానుల రాత ఒప్పందంతో. వీధి చివర్ల హైడ్రెంట్లు (ఫైరింజన్ నీళ్లు పట్టుకునే కొళాయిలు) ఉన్నాయా, ఉంటే నీళ్లొస్తాయా అనేది మ్యాన్‌హోల్‌మూత గారి పైపుల పనిలోనే కలిపేయండి. విడిగా టెండరు పిలిస్తే ఎప్పటికీ రాదు.

పైన వేలాడే ఓవర్‌హెడ్ తీగలు, కేబుల్ టీవీ వైర్ల గుత్తులు, దుకాణాల ముందు రేకుల పందిళ్లు, వీటివల్ల నిచ్చెన బండి వచ్చినా నిచ్చెన లేవదు. పందిరి 2.2 మీటర్ల ఎత్తుకు పైన, మడతపెట్టగలిగే గుడ్డతో మాత్రమే అనండి.

లోడింగ్‌బే

హోల్‌సేల్ ప్రశ్న మిగిలింది. విజయవాడలో గొల్లపూడి మహాత్మాగాంధీ హోల్‌సేల్ కాంప్లెక్స్ కట్టారు, చాలా వ్యాపారం వెళ్లింది కూడా. అయినా వన్‌టౌన్ వీధుల్లో బండ్లు తగ్గాయని ఎవరూ అనరు. ఖాళీ అయిన చోట సెమీ హోల్‌సేల్, రిటైల్ దిగిపోయాయి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి మార్చినప్పుడు వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. కాబట్టి ‘హోల్‌సేల్ తరలింపు’ అని ఒక్క ముక్కలో రాయకండి, సరుకును బట్టి విడదీయండి. బియ్యం, నూనె, పప్పులు, ఇనుము, ట్రాన్స్‌పోర్ట్ బుకింగ్ ఆఫీసులు జాగా ఎక్కువ తిని గిరాకీ తక్కువ తెచ్చేవి, వెళ్లొచ్చు. స్టీలు గిన్నెలు, మసాలాలు, డ్రైఫ్రూట్స్, పూజాసామగ్రి ఒకే ట్రిప్పులో నాలుగు కొట్లు తిరిగి కొనేవి, అవి ఉండాలి. జిల్లాల నుంచి వచ్చే చిన్న కిరాణావాడు పొద్దున బస్సు దిగి సాయంత్రం బస్సెక్కుతాడు. ఎంజీబీఎస్ బస్టాండుకు దగ్గరగా ఉండటం బేగంబజార్‌కు ఊపిరి.

ఉండేవాటికి బయట గోదాం, ఇక్కడ నమూనా–బిల్లింగ్ అనే పద్ధతి ప్రోత్సహించండి. హమాలీ సంఘాలతో ముందే మాట్లాడాలి. వాళ్ల కూలి బస్తాల లెక్కన ఉంటుంది గనుక గోదాం మారితే వాళ్ల ఆదాయమే మారుతుంది.

30 అడుగుల వీధిని వెడల్పు చేయకుండానే ఇలా పంచొచ్చు: రెండు వైపులా 1.8 మీటర్ల ఫుట్‌పాత్, 3.2 మీటర్ల వన్‌వే, ఒక పక్కన 2.2 మీటర్ల పట్టీ. మొత్తం 9 మీటర్లు. ఆ పట్టీ పొద్దున 6 నుంచి 10 దాకా సరుకు దించడానికి, 11 నుంచి రాత్రి 9 దాకా వీధి వ్యాపార పత్రం ఉన్న తోపుడుబండ్లకు, రాత్రి 10 తర్వాత మళ్లీ డీసీఎంలకు. ఒక్కో బే 7–8 మీటర్ల పొడవు, 40 మీటర్లకొకటి. ట్రాలీ ఆటోలకు 4 మీటర్లు చాలు. మధ్యలో మెకానికల్ బొలార్డులు (వాహనాలను ఆపే పొట్టి స్తంభాలు) పెట్టేముందు ఢిల్లీ చాందినీ చౌక్ చూసి రండి. ఎర్రకోట కూడలి నుంచి ఫతేపురి దాకా 1.3 కిలోమీటర్లు, 2021 సెప్టెంబరులో ప్రారంభించారు, పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు వాహనాలు నిషేధం. రాయి పరిచిన పని బాగుంది. కానీ పగలు నిలబడి ఆపే మనిషి లేని రోజున బొలార్డు పక్కనుంచి స్కూటర్లు దూరతాయి. నిర్వహణకు మనిషి జీతం ప్రాజెక్టు ఖర్చులోనే అయిదేళ్లకు కట్టి ఉంచాలి.

సెల్లార్ పార్కింగ్ గురించి గజంలెక్క గారు వదిలేశారు. ర్యాంపు, మలుపు కలిపి కారుకు 25–30 చదరపు మీటర్లు పడుతుంది. 4–6 ప్లాట్ల జట్టులో ర్యాంపుకే సగం పోతుంది, మిగతా సగంలో పదిహేను కార్లు పట్టవు, ఆరు నెలల్లో అది గోదాం అవుతుంది. పార్కింగ్ బాధ్యతను డబ్బుగా కట్టించుకుని ఆ నిధితో ప్రాంతం అంచుల్లో ఉమ్మడి పార్కింగ్ కట్టండి. నాంపల్లిలో మెట్రో వాళ్ల అర ఎకరంలో ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టిన బహుళ అంతస్తుల ఆటోమేటిక్ పార్కింగ్ అలాంటి అంచునే ఉంది. లోపల వీధుల్లో ఉచిత పార్కింగ్ ఉన్నంతకాలం అవి నిండవు, ఈ రెండూ ఒకే రోజు అమలు కావాలి.

జోన్‌మ్యాప్

అందరికీ ధన్యవాదాలు. లోడింగ్‌బే గారి 9 మీటర్ల పంపకానికి ఎన్ఓసీ గారు ఒప్పుకుంటారా? ఇంకొకటి, ముందు భాగాలన్నీ ఒకేలా చేయడం మా పైవాళ్లకు బాగా ఇష్టం. పత్తర్‌గట్టీ ఉదాహరణ చూపిస్తున్నారు.

ఎన్ఓసీ

షరతుతో ఒప్పుకుంటాను. పట్టీలో డీసీఎం ఉంటే 3.2 మీటర్లలో ఫైరింజన్ దూరుతుంది గానీ, నిలబడి పనిచేయలేదు. సిబ్బంది పక్కనుంచి పరికరాలు తీయలేరు. కాబట్టి 60 మీటర్లకొకటి, 12 మీటర్ల పొడవున పట్టీని పూర్తిగా ఖాళీ వదిలి, రోడ్డు మట్టంలోనే, ఎర్ర గళ్లు గీసి ఉంచాలి. అక్కడ చెట్టు, బెంచీ, ట్రాన్స్‌ఫార్మర్ ఏదీ వద్దు. కప్పేసిన నాలా మీదుగా ఫైరింజన్ దారి వేయకండి, ఆ స్లాబు అంత బరువు మోస్తుందని స్ట్రక్చరల్ ఇంజినీరు రాసిస్తే తప్ప.

గజంలెక్క

పత్తర్‌గట్టీ పోలిక తప్పు. 1908 మూసీ వరద తర్వాత నగరాభివృద్ధి బోర్డు ఆ రాతి కమానుల వరసను ఒకే చేత్తో, ఒకే డిజైన్‌తో కట్టింది. అందుకే అక్కడ ఒకేలా ఉండటం సహజం. కోఠిలో ఒక్కో భవనం ఒక్కో కాలానిది. సున్నం గోడల పాత మేడ మీద ఏసీపీ (అల్యూమినియం–ప్లాస్టిక్) షీట్లు కొడితే గోడ చెమ్మ లోపలే ఉండి పదేళ్లలో ఊడుతుంది, మంటలొస్తే ఆ షీటే పైకి ఎగబాకుతుంది. సున్నం మేడల జాబితా వేరుగా చేసి, సిమెంటు ప్లాస్టర్ నిషేధించి, బోర్డు ఎత్తును మాత్రం నియంత్రించండి: షట్టర్ పైనుంచి మొదటి అంతస్తు కిటికీ అడుగు దాకా, అంతకుమించి కాదు. మొజంజాహీ మార్కెట్‌లో 2020లో పూర్తయిన పని చూడండి. రాయి శుభ్రం చేసి, అడ్డంగా వచ్చిన రేకులు తీసేశారు, కొత్తగా అతికించింది తక్కువ.

వరస అడిగారు కాబట్టి: మొదటి ఆరు నెలలు మల్గీల జాబితా, పరీక్ష గోతులు, గడపల మట్టాలు, కప్పేసిన నాలాల తనిఖీ ఒకేసారి. అదే సమయంలో ఎన్ఓసీ గారు చెప్పిన చిన్న పనులు. తర్వాత టౌన్ వెండింగ్ కమిటీ తీర్మానం, వక్ఫ్, దేవాదాయ శాఖల సమ్మతి, సెట్‌బ్యాక్ సడలింపు జీవో. ఈ మూడూ చేతికొచ్చాకే ఒక్క గల్లీలో పైపులు, రోడ్డు. ఆ గల్లీ ఒక వానాకాలం, ఒక దీపావళి తట్టుకున్నాక రెండోది. ప్లాట్ల జట్లు ఎవరు ముందుకొస్తే వాళ్లతో, తేదీ పెట్టొద్దు. మొదటి గల్లీకి ట్రూప్‌బజార్ ఎంచుకోండి. పైపులు, వైర్లు అమ్మేవాళ్లు గనుక ఏ సైజు ఎందుకు వేస్తున్నారో మీకన్నా ముందు వాళ్లే అడుగుతారు, నాసిరకం సరుకు దిగితే లారీ దగ్గరే పట్టేస్తారు.